నాటకం ముందు, సినిమా తర్వాత: చెన్నైలో హోమ్‌స్కూల్ గ్రూప్ నడపడం ఎలా?

చెన్నైలో హోమ్‌స్కూలింగ్ చేసే తెలుగువాళ్లు ఒకళ్లు పెరంబూర్‌లో ఉంటే ఇంకొకళ్లు తాంబరం అవతల ఉంటారు, మూడోవాళ్లు ఓఎంఆర్ మీద ఏదో అపార్ట్‌మెంట్‌లో. వారం వారం కలిసి లెక్కలు, సైన్స్ చెప్పుకుందాం అని మొదలుపెట్టే గ్రూపులు అందుకే నిలవవు, లెక్కలు ఎవరింట్లో వాళ్లు చేసుకోవచ్చు కదా, దానికోసం ఈ ఎండలో పిల్లల్ని వేసుకుని ఊరు దాటి ఎవరొస్తారు చెప్పండి. ఇంట్లో ఒక్క పిల్లాడు కూర్చుని చెయ్యలేని పని ఏదైనా ఉంటేనే గ్రూప్ కావాలి, నాటకం అలాంటి పని. దానికి ఒక పాత సినిమా, ఒక తిరుగుడు కలిపితే రెండు నెలలు హాయిగా నడుస్తుంది.

పద్ధతి చిన్నదే. ఒక కథ తీసుకోవాలి, ముందు పిల్లలే దాన్ని నాటకం వెయ్యాలి, తర్వాత ఆ కథ మీద వచ్చిన సినిమా చూడాలి, ఆ తర్వాత ఊళ్లో దాని ఆనవాళ్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ వెళ్లాలి. ఈ వరస మాత్రం మార్చకండి. సినిమా ముందు చూపిస్తే ప్రతి పిల్లాడూ ఎస్వీ రంగారావులా మీసం తిప్పడానికే చూస్తాడు, సొంతంగా ఆలోచించడం అక్కడితో ఆగిపోతుంది.

1. ముందు మనుషులు

నాలుగైదు కుటుంబాలు చాలు, అంతకంటే ఎక్కువైతే డేట్ కుదర్చడానికే వాట్సాప్‌లో వారం పోతుంది. వయసు తేడా ఉంటే మంచిదే, అయిదేళ్ల పిల్లలు, పదమూడేళ్ల పిల్లలు కలిసి ఉన్నప్పుడే నాటకం బాగా నడుస్తుంది, ఎందుకంటే చిన్నవాళ్లకి మాటలు తక్కువ పని ఎక్కువ ఇవ్వచ్చు, పెద్దవాళ్లకి రాయడం, నడిపించడం ఇవ్వచ్చు. కలిసే చోటు మెట్రో స్టేషన్‌కి దగ్గర ఉన్న ఇల్లో, అపార్ట్‌మెంట్ హాలో చూసుకోండి. పెద్దవాళ్లలో ఒక్కరే ఇన్‌ఛార్జ్, మిగతావాళ్లు టిఫిన్లు, ఆటోలు. అమ్మానాన్నలందరూ డైరెక్టర్లైతే పిల్లలు మెల్లిగా మూల గదిలోకెళ్లి క్యారమ్స్ ఆడుకుంటారు.

2. కథ ఎంచుకోవడం

మొదటి కథగా నేను శశిరేఖా పరిణయమే చెప్తాను. ఇది వ్యాసుడి భారతంలో లేదు, మన జనంలో పుట్టి పెరిగిన కథ, సురభి వాళ్లు మాయాబజార్ పేరుతో ఎన్నో ఏళ్లుగా ఆడుతున్న నాటకం. 1957లో విజయా వాళ్లు తీసిన సినిమా సంగతి చెప్పక్కర్లేదు. పైగా ఆ సినిమా తయారైంది మన వడపళనిలో, అంటే తిరుగుడు కూడా ఊళ్లోనే అయిపోతుంది.

కథని సినిమాలోంచి చెప్పకండి. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే వాళ్లచేత చెప్పించండి, లేకపోతే మీరే చెప్పండి, రాత్రి పడుకునే ముందు ముక్కలు ముక్కలుగా. కావాల్సింది ఇంతే: బలరాముడు కూతుర్ని అభిమన్యుడికి ఇస్తానని మాటిచ్చి, పాండవులకి రాజ్యం పోయేసరికి దుర్యోధనుడి కొడుక్కి ఇస్తానంటాడు, ఘటోత్కచుడు వచ్చి అసలు శశిరేఖని ఎత్తుకెళ్లి తనే శశిరేఖ వేషంలో పెళ్లివారి పని పడతాడు.

3. నాటకం తయారుచేయడం

ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి. పదిహేను ఇరవై నిమిషాలకి మించిన నాటకం వద్దు, మూడు రంగాలు సరిపోతాయి.

స్క్రిప్ట్ మీరు రాసి చేతిలో పెట్టకండి. మొదటి రెండు మూడు సార్లు కలిసినప్పుడు రంగం ఏంటో చెప్పి పిల్లల్ని నోటికొచ్చినట్టు మాట్లాడుకోనివ్వండి, ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి, అందులో బాగున్న మాటలు ఏరి పెద్ద పిల్లలచేత రాయించండి. చెన్నైలో పుట్టిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. అలాంటివాళ్లు డైలాగుల్ని తమిళ అక్షరాల్లో రాసుకుంటాం అంటారు, దానికి ఒప్పుకోకండి, తమిళంలో క, గ రెండిటికీ ఒకటే అక్షరం కదా, చూసి చదివితే గద కాస్తా కద అయిపోతుంది. ఇంగ్లీష్ అక్షరాల్లో రాసినా ళ, ల గొడవ అలాగే ఉంటుంది. విని నేర్చుకోమనండి, ఆడియో క్లిప్పులు పంపండి. నాటకం కోసం విన్న డైలాగ్‌ని తర్వాత తెలుగు అక్షరాల్లో చూపిస్తే, ముందే నోటికొచ్చిన మాట కాబట్టి చదవడం కూడా తొందరగా పట్టుబడుతుంది.

ఇప్పుడు అసలు పాఠం. ఈ కథలో స్టేజ్ మీద చూపించడానికి కష్టమైన చోట్లు రెండున్నాయి, వాటికి జవాబు మీరు చెప్పకూడదు. మొదటిది, వంటకాలన్నీ ఘటోత్కచుడు తినేస్తుంటే మాయమవ్వాలి, ఎలా? పిల్లలు రకరకాలుగా చేస్తారు, నల్లదుప్పటి వెనకాల కూర్చుని చిన్నవాళ్లు లడ్డూలు లాగేస్తారు, దారం కడతారు, లేకపోతే తినేసేవాడే నిజంగా తినేస్తాడు, రిహార్సల్‌కి కిలో లడ్డూలు అయిపోతాయి. రెండోది ఇంకా కష్టం, శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని చూసేవాళ్లకి తెలియాలి, పెళ్లివాళ్లకి తెలియకూడదు. ఒకే అమ్మాయి రెండూ చెయ్యాలా, ఇద్దరు మనుషులు కావాలా, నడక మార్చాలా, గొంతు మార్చాలా? దీనిమీద పిల్లల్ని పోట్లాడుకోనివ్వండి. ఒక మధ్యాహ్నమంతా దీనికే పోయినా నష్టం లేదు.

వేషాలకి ఖర్చు వద్దు, అమ్మ పట్టుచీర, అట్టముక్క కిరీటం, బంగారు రంగు గిఫ్ట్ పేపర్ చాలు. గద మాత్రం న్యూస్‌పేపర్ ఉండలు చుట్టి మెత్తగా చెయ్యండి, ఎందుకో మీకే తెలుస్తుంది. నాటకం రోజు తమిళ ఇరుగుపొరుగుని కూడా పిలవండి, భాష పూర్తిగా అర్థం కాని ప్రేక్షకులు ముందుంటే పిల్లలు గొంతు, చేతులు గట్టిగా వాడతారు.

4. సినిమా చూడ్డం

నాటకం అయిన వారంలోపే చూడండి, వేడి తగ్గకముందే. సినిమా మూడు గంటలు ఉంటుంది, చిన్నవాళ్లుంటే రెండు పూటలుగా చెయ్యండి. రంగులేసిన వెర్షన్ ఉంది గానీ నా మాట విని నలుపు తెలుపుదే పెట్టండి, మార్కస్ బార్‌ట్లే కెమెరా పనితనం, ఆ వెన్నెల, అందులోనే తెలుస్తుంది.

ఆపి ఆపి పాఠం చెప్పకండి, అంతకంటే విసుగు ఇంకోటి లేదు. మొదలుపెట్టే ముందు ఒక్కొక్కళ్లకి ఒక్కో పని ఇవ్వండి, ఒకరు వెలుగు ఎటునుంచి పడుతోందో చూడాలి, ఒకరు సెట్‌లో ఏది బొమ్మ ఏది నిజం కనిపెట్టాలి, ఒకరు మాటలు లేనప్పుడు ఏం వినిపిస్తోందో వినాలి. పెళ్లివంటల సీన్ వచ్చేసరికి మీరు చెప్పక్కర్లేకుండానే వాళ్లే లేచి నిలబడతారు, దుప్పటి వెనకాల తాము కష్టపడ్డ పనిని కెమెరా ఎలా చేసిందో చూడాలి కదా. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నడిచే నడక చూసినప్పుడు, ఆ వేషం వేసిన పాప ముఖం ఒకసారి చూడండి. ముందు సినిమా చూసి ఉంటే ఇదంతా ఉత్త కామెడీ కింద పోయేది.

అయ్యాక ఒక్క ప్రశ్న అడగండి: ఇంత పెద్ద సినిమాలో పాండవులు ఎక్కడ? ఒక్క సీన్‌లో కూడా కనిపించరు. వాళ్ల కోసమే కథంతా నడుస్తుంది, వాళ్లు మాత్రం తెరమీదకి రారు. చాలామంది పెద్దవాళ్లకే ఇది తట్టదు.

చెన్నై గ్రూపులకి ఇంకో లాభం ఉంది, అదే ఏడాది ఇదే సినిమా తమిళంలో కూడా తీశారు, తెలుగులో అభిమన్యుడు నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్, సావిత్రి, రంగారావు రెండిటిలోనూ ఉన్నారు. ఒకే సీన్ రెండు భాషల్లో పక్కపక్కన పెట్టి చూపించండి, ఇంట్లో ఒకరు తెలుగు, ఒకరు తమిళం అయిన పిల్లలకైతే ఇది పండగే.

5. వడపళని తిరుగుడు

గ్రీన్ లైన్ మెట్రోలో వడపళనిలో దిగండి. సినిమా తీసిన వాహినీ స్టూడియో కోసం వెతికితే దొరకదు, ఆ స్థలంలో ఇప్పుడు షాపింగ్ మాల్, విజయా హాస్పిటల్ కనిపిస్తాయి. అయినా తీసుకెళ్లండి. ఒకప్పుడు ద్వారక సెట్ వేసిన స్టూడియో స్థలంలో ఇప్పుడు ఎస్కలేటర్ ఉందంటే పిల్లలు ముందు నమ్మరు, తర్వాత ఎందుకు పోయింది, సినిమా వాళ్లంతా ఎక్కడికెళ్లారు అని అడుగుతారు, అక్కణ్ణించి హైదరాబాద్ దాకా మాట వెళ్తుంది. పెద్ద పిల్లలకి ఇలా ఇప్పుడు కనిపించని చోటు గురించి రాయడం మంచి ఎక్సర్‌సైజ్. అదే ఆర్కాట్ రోడ్డులో ఏవీఎం వాళ్లది హెరిటేజ్ మ్యూజియం ఉంది, 2023లో తెరిచారు, పాత కెమెరాలు, కార్లు చూడచ్చు. విజయా నాగిరెడ్డిగారే 1947లో చందమామ మొదలుపెట్టారు కాబట్టి పాత సంచికలు ఏవైనా ఇంట్లో ఉంటే బ్యాగులో వేసుకోండి, తర్వాతి నాటకానికి కథ అందులోనే దొరుకుతుంది.

6. సినిమా లేని కథలకి ఏం చెయ్యాలి?

అప్పుడు చోటు ముందు, నాటకం తర్వాత. దీనికి ఎగ్మూర్ మ్యూజియంని మించింది లేదు. అమరావతి స్తూపం రాళ్లు చాలా ఇక్కడికే వచ్చాయి, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన వాటిలో బోలెడు తర్వాత లండన్ వెళ్లిపోయాయి. పల్నాటి సున్నపురాయి అది, పాలరాయి అని చెప్పకండి. గ్యాలరీ మొత్తం తిప్పితే పిల్లలకి కాళ్ల నొప్పులు తప్ప ఏం మిగలదు, ఒక్క రాయి దగ్గర కూర్చోబెట్టండి, నలగిరి ఏనుగుని బుద్ధుడు శాంతింపజేసిన ఆ గుండ్రటి శిల్పం దగ్గర. అందులో ఒకే ఏనుగు రెండుసార్లు ఉంటుంది, ఒక పక్క మనిషిని తొండంతో పట్టుకుని రెచ్చిపోతూ, ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లుతూ. పైన కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు, భయంతో వెనక్కి తగ్గిన ఆడమనిషి కూడా ఉంటుంది. కాసేపు మాట్లాడకుండా చూడమనండి, కావాలంటే బొమ్మ గీసుకోమనండి.

తర్వాత బయట చెట్టుకింద అదే బొమ్మని మనుషులతో కట్టించండి, ఒక్కొక్కళ్లు ఒక్కో రూపం ఎంచుకుని కదలకుండా నిలబడాలి. ఏనుగు ఒకటే అయినా రెండు గుంపులు కావాలి. మీరు చప్పట్లు కొడితే కదిలి ఒక్కో మాట అనాలి. పది నిమిషాల్లో నాటకం రెడీ, డైలాగ్ బట్టీ పట్టే పనే లేదు. అదే కాంపౌండ్‌లో 1896 నాటి మ్యూజియం థియేటర్ ఉంది, బయటినుంచైనా చూపించండి. శుక్రవారం మ్యూజియంకి సెలవు, వెళ్లే ముందు గ్యాలరీ తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

7. పన్నెండు దాటినవాళ్లకి

కన్యాశుల్కం నుంచి గిరీశం, వెంకటేశం సీన్లు ఒకటి రెండు తీసుకోండి, మొత్తం వద్దు, అది చాలా పెద్ద నాటకం, పైగా అందులో కొన్ని విషయాలు చిన్నవాళ్ల ముందు వివరించడం కష్టం. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, గురజాడ 1915లో పోయారు, మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లకి కాపీరైట్ అయిపోతుంది కాబట్టి హాయిగా ఆడుకోవచ్చు. సినిమాలకైతే విడుదలైన దగ్గర్నుంచి 60 ఏళ్లు.

ఇంకో కథ మైలాపూర్‌లోనే ఉంది. పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబర్ 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబర్ 15 రాత్రి చనిపోయిన ఇల్లు రాయపేట హైరోడ్‌లో స్మారకంగా ఉంది. దీనికి రాజులు, కిరీటాలు అక్కర్లేదు, ఒకరు పేపర్ చదివేవాడు, ఒకరు డాక్టర్, ఒకరు ఇంట్లోవాళ్లు, ఒకరు మద్రాస్ మాదే అనే తెలుగువాడు, ఇంకొకరు కాదు మాది అనే తమిళుడు. ఆ చివరి పాత్ర మీ తెలుగు పిల్లాడికే ఇవ్వండి, అవతలివాళ్ల వాదన నోరారా చెప్పాల్సి వస్తే తెలిసొస్తుంది.

8. మిగతా చిల్లర సంగతులు

క్యాలెండర్ ఎండావానల్ని బట్టి వేసుకోండి. మేలో, నవంబర్ వానల్లో సినిమా, రిహార్సల్, డిసెంబర్ మధ్యనుంచి ఫిబ్రవరి దాకా తిరుగుడు. ఈసీఆర్ రోడ్డు మీద దక్షిణచిత్ర, అంటే పాతకాలం ఇళ్ల మ్యూజియం, ఆ నెలల్లోనే బాగుంటుంది, మన కోస్తా చుట్టిల్లు, ఇక్కత్ నేసేవాళ్ల ఇల్లు ఉన్నాయి, మంగళవారం సెలవు.

బంధువులు సిలబస్ ఏంటి అని అడుగుతారు, అడగనివ్వండి. ప్రతి కథకి ఒక ఫైల్ పెట్టండి, స్క్రిప్ట్, ఫొటోలు, టికెట్ ముక్కలు, పిల్లలు రాసిన పేజీ. పరీక్షల సంగతి అంటారా, 14 నిండితే ఎన్ఐఓఎస్‌లో, అంటే జాతీయ ఓపెన్ స్కూల్లో, పదో తరగతి రాయొచ్చు, తెలుగు కూడా సబ్జెక్ట్‌గా ఉంది.

గ్రూప్ ఒక ఏడాది నిలబడితే మేలో తంజావూరు దగ్గర మెలట్టూర్‌కి టికెట్లు బుక్ చేసుకోండి. నరసింహ జయంతికి అక్కడ తమిళ ఊళ్లో తెలుగులో ప్రహ్లాద చరిత్రం ఆడతారు, రాత్రంతా. 1932లో వచ్చిన మన మొదటి టాకీ కూడా ప్రహ్లాదుడి కథే కాబట్టి ముందుగా మీ పిల్లలు వెయ్యాల్సిన నాటకం ఏంటో చెప్పక్కర్లేదు. స్తంభం ఎలా పగలగొట్టాలో మాత్రం ఫిబ్రవరి నుంచే ఆలోచించమనండి.