పూల్ టేబుల్ మీద బాల్ నీరసంగా నడుస్తోందా? క్లాత్ మార్చేముందు ఇవి చూడండి

మేం న్యూజెర్సీలో ఇల్లు కొన్నప్పుడు బేస్‌మెంట్‌లో ఒక పూల్ టేబుల్ (కర్రతో బాల్స్‌ని కొట్టి పాకెట్లలో పడేసే ఆట బల్ల) కూడా వచ్చింది, పాత ఓనర్ వదిలేసి పోయాడు, ఫ్రీగా వచ్చిందని తెగ మురిసిపోయాం గానీ ఎందుకు వదిలేశాడో తర్వాత అర్థమైంది. పైన పరిచిన క్లాత్ కింద 1 అంగుళం మందం స్లేట్ రాయి, మూడు పలకలుగా ఉంటుంది, 8 అడుగుల టేబుల్‌కి ఒక్కో పలక 70 కిలోల దాకా తూగుతుంది, ఎవడు మోస్తాడు చెప్పండి. రెండేళ్ళు దాని మీద ఉతికిన బట్టలు మడతపెట్టుకున్నాం, ఒక సంక్రాంతికి బొమ్మల కొలువు కూడా పెట్టేశాం. తర్వాత ఒకరోజు మా బావమరిది వచ్చి నాలుగు షాట్లు కొట్టి "బావా, ఇది టేబులా దున్నిన చేనా, బాల్ అడుగు తీసి అడుగు వెయ్యట్లేదు" అన్నాడు. నాకు రోషమొచ్చి వారం తిరక్కుండా మెకానిక్‌ని పిలిచి కొత్త క్లాత్ వేయించా. కొన్ని వందల డాలర్లు వదిలాయి. బాల్ కాస్త బానే దొర్లడం మొదలెట్టింది గానీ అవతలి కుషన్‌కి, అంటే అంచున ఉండే రబ్బరు గట్టుకి, తగిలి వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం మళ్ళీ అదే నీరసం. చివరికి తేలిందేంటంటే టేబుల్ కింద మూడు బోల్టులు చేత్తో తిప్పితే తిరిగిపోయేంత లూజుగా ఉన్నాయి. ఆ రిపేరుకి అయిన ఖర్చు సున్నా.

అందుకే ముందు ఒక్క విషయం తేల్చుకోండి. బాల్ దొర్లేటప్పుడు స్లో అవుతోందా, లేక కుషన్‌కి తగిలి తిరిగొచ్చేటప్పుడు చచ్చిపోతోందా? ఈ రెండూ పూర్తిగా వేరే జబ్బులు. మనం మాత్రం రెండిటికీ కలిపి "టేబుల్ స్లో" అనేసి నేరుగా క్లాత్ మీద పడతాం.

అసలు స్లోనా కాదా అన్నది చూడ్డానికి వరల్డ్ పూల్ బిలియర్డ్ అసోసియేషన్ వాళ్ళ టేబుల్ రూల్స్‌లో ఒక లెక్కుంది. టేబుల్ మీద ఇవతలి వైపుండే గుర్తు చుక్క మీద బాల్ పెట్టి, క్యూని, అంటే కొట్టే కర్రని, నేలకి సమంగా పట్టుకుని, నడిమికి గట్టిగా కొడితే అది పొడవునా అటూ ఇటూ తిరుగుతూ కనీసం 4 నుంచి 4½ టేబుల్ పొడవులు పోవాలి, ఎగరకూడదు. మా పాత టేబుల్ రెండున్నర దగ్గర పడుకునేది. కాకపోతే ఈ పరీక్షలో మీ చేతి బలం కూడా కలుస్తుంది, పైగా క్లాత్ తప్పూ కుషన్ తప్పూ కలగాపులగమైపోతాయి, కాబట్టి ఇది జ్వరం ఉందో లేదో చూడ్డానికే, ఎందుకొచ్చిందో చెప్పదు.

ఎందుకో తెలియాలంటే హార్డ్‌వేర్ షాపులో ఒక అడుగు పొడవున్న అల్యూమినియం ఎల్ యాంగిల్ ముక్క కొనండి. దాన్ని వి ఆకారంలో తిప్పిపెడితే బాల్‌కి చక్కటి జారుడుబల్ల అవుతుంది. ఒక చివర పేకముక్కల డబ్బా మీద ఆనించి, రెండో చివర క్లాత్ మీద పెట్టి, పైన పెన్సిల్‌తో గీత గీసి, ఎప్పుడూ ఆ గీత దగ్గర్నుంచే బాల్ వదలండి, తొయ్యకుండా, వేలు తీసెయ్యడమే. బాల్ ఏ కుషన్‌కీ తగలకుండా టేబుల్ మధ్యలో ఎక్కడో ఆగాలి, తగిలిపోతుంటే ఎత్తు తగ్గించుకోండి. జారుడుబల్ల చివర్నుంచి అది ఆగిన చోటిదాకా టేపుతో కొలవండి, ఐదుసార్లు వదిలి సగటు తీయండి, ఆ అంకె రాసి పెట్టుకోండి. ఎత్తు రెండు మిల్లీమీటర్లు మారినా దూరం బాగా మారిపోతుంది కాబట్టి ఆ డబ్బాని ఇంట్లో వాళ్ళు పేకాటకి పట్టుకుపోకుండా చూసుకోండి, మా ఇంట్లో అదే జరిగింది.

ఇదే పరీక్ష అటువైపు నుంచి ఇటు కూడా చెయ్యండి. ఒక దిక్కున బాగా పోయి ఇంకో దిక్కున ముందే ఆగిపోతోందంటే టేబుల్ వాలుగా ఉండొచ్చు, లేదా క్లాత్‌కి నూగు ఉండొచ్చు. వాలుదైతే మెల్లగా నడిచే బాల్ పక్కకి కూడా లాగేస్తుంది, కనిపెట్టడం తేలికే. నూగు సంగతి కింద చెప్తా.

తర్వాత కుషన్ పరీక్ష. జారుడుబల్లని కుషన్‌కి ఒక అడుగు దూరంలో తిన్నగా ఎదురుగా పెట్టి బాల్ వదలండి, తగిలి ఎంత వెనక్కి వచ్చిందో చూడండి. అలా నాలుగు వైపులా, ప్రతి వైపూ మూడు నాలుగు చోట్ల. వెనక్కొచ్చే బాల్ జారుడుబల్లకే తగులుతుంటే కొంచెం ఏటవాలుగా పెట్టుకోండి, కాకపోతే అన్నిచోట్లా అదే ఏటవాలు ఉండాలి. మాకు మూడు వైపులా దాదాపు జానెడున్నర వస్తే అవతలి చిన్న వైపు మాత్రం బెత్తెడు వచ్చి ఆగిపోయింది. అంటే దొంగ అక్కడున్నాడు. మొత్తం నాలుగు వైపులా ఒకేలా నీరసంగా ఉంటే కథ వేరు, అది రబ్బరు వయసైపోవడం కావచ్చు, లేదా కుషన్ ఎత్తు తేడా కావచ్చు.

ఇప్పుడు ఖర్చు లేని పనుల దగ్గర్నుంచి మొదలెడదాం.

బాల్స్ కడగండి ముందు. నవ్వకండి, మనోళ్ళు సమోసా తిన్న చేత్తోనే బాల్స్ సర్దుతారు, దానికి క్యూ కొనకి రాసే చాక్ పొడి అంటుకుని ఒక పొర తయారవుతుంది. ఆ జిడ్డు బాల్ క్లాత్‌ని పట్టుకుంటుంది, బాల్‌కి బాల్ తగిలినప్పుడు కూడా అతుక్కున్నట్టయి అనుకున్న దిక్కుకి పోదు. గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి బట్ట, పూర్తిగా ఆరబెట్టడం, అంతే. డిష్‌వాషర్‌లో మాత్రం వెయ్యొద్దు, అంత వేడి వాటికి మంచిది కాదు. బాల్ సైజు కూడా ఒకసారి కొలవండి, పూల్ బాల్ అంటే 57 మిల్లీమీటర్లు, బరువు 156 నుంచి 170 గ్రాములు. పిల్లల సెట్ నుంచి వచ్చిన చిన్న బాల్స్‌తో పెద్ద టేబుల్ మీద ఆడితే కుషన్ ముక్కు, అంటే ముందుకి పొడుచుకొచ్చిన రబ్బరు కొన, బాల్‌కి మరీ పైన తగిలి కిందకి నొక్కేస్తుంది, వేగం అక్కడే పోతుంది.

తర్వాత క్లాత్ శుభ్రం చెయ్యడం. చాక్‌లో ఉండేది ఇసుక జాతి పొడే, అది నేతలోకి దిగిపోయి బాల్‌ని గీరుతూ ఉంటుంది, చేతికి టాల్కం పౌడర్ రాసుకుని ఆడే అలవాటుంటే ఇంకా దారుణం. బ్రష్‌తో ఒకే దిక్కుకి, ఒక చివర్నుంచి రెండో చివరికి తీసుకుపోవాలి, గుండ్రంగా రుద్దితే పొడి ఇంకా లోపలికే పోతుంది. ఆ తర్వాత వాక్యూమ్, కార్పెట్ కోసం తిరిగే బ్రష్ ఉన్న మూతి కాకుండా మామూలు మెత్తటి మూతితో, పైపైనే. కుషన్ కిందకి, ఆ సందులోకి తప్పకుండా పోనివ్వాలి, అసలు చెత్తంతా అక్కడే పేరుకుంటుంది. చివర్లో బాగా పిండేసిన మైక్రోఫైబర్ బట్టతో ఒకసారి తుడవచ్చు, తడి కనపడకూడదు. యూట్యూబ్ చూసి సిలికాన్ స్ప్రేలు కొట్టేవాళ్ళున్నారు, వద్దు, రెండు రోజులు జారుతుంది, తర్వాత దుమ్మంతా పట్టుకుని ముద్దవుతుంది.

ఇది చేశాక మళ్ళీ జారుడుబల్ల పెట్టి కొలవండి. అంకె పెరిగిందా, అయితే సగం జబ్బు మురికే.

ఇక తేమ, మా ఇంట్లో రెండో దొంగ ఇదే. క్లాత్ చాలావరకు ఉన్ని, ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ తాగేసి కూడా చేతికి తడి తగలకుండా ఉండగలదు. జనవరిలో హీటర్లు తిరుగుతూ గాలి ఎండిపోయి ఉన్నప్పుడు జింకలా పరిగెత్తిన టేబుల్ జూలైలో ఎద్దుబండి అయిపోతోందంటే ఇంకో అనుమానం అక్కర్లేదు. పది డాలర్లలో తేమ మీటర్ దొరుకుతుంది, కొని టేబుల్ మీద పెట్టండి. మా బేస్‌మెంట్‌లో వానాకాలంలో 70 శాతం చూపించింది. డీహ్యూమిడిఫయర్ పెట్టి 50 లోపుకి దించాక ఒక వారానికి జారుడుబల్ల దూరం తేడా స్పష్టంగా కనిపించింది. క్యారమ్ బిలియర్డ్స్ అని పాకెట్లు లేని ఆట ఒకటుంది, దాని పెద్ద టోర్నమెంట్లలో స్లేట్ కింద హీటర్లు పెట్టి టేబుల్‌ని వెచ్చగా ఉంచుతారు, సరిగ్గా ఈ తేమ గొడవ కోసమే, స్నూకర్ ప్రొఫెషనల్ టేబుల్స్‌కి కూడా అంతే. మన ఇంట్లో అంత సీన్ అక్కర్లేదు గానీ వైజాగ్‌లోనో కాకినాడలోనో సముద్రపు గాలి తగిలే ఇంట్లో టేబుల్ ఉంటే మాత్రం ఆ గదికి ఏసీ కొంచెంసేపైనా నడవాలి. ఒకవేళ మీ టేబుల్ లోపల స్లేట్ కాకుండా ఎమ్‌డీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసిన పలక) ఉంటే ఈ తేమకి అది ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్ళీ సాపు అవ్వదు, దాని మీద డబ్బు తగలెయ్యకండి.

కుషన్లకొద్దాం. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, రెయిల్‌ని, అంటే కుషన్ అతికించిన చెక్క అంచుని, కూడా అలాగే పిడికిలితో అక్కడక్కడా తట్టండి. బిగువుగా ఉన్నచోట గట్టి శబ్దం, వదులైన చోట డొల్లగా, కొన్నిసార్లు చిన్న గలగలతో వినిపిస్తుంది. బాల్ తగిలినప్పుడు కూడా "దబ్" అని చచ్చిన శబ్దం వస్తే అనుమానించాల్సిందే. అప్పుడు చాపేసుకుని టేబుల్ కిందకి దూరి టార్చ్ వెయ్యండి. ఒక్కో రెయిల్‌కి సాధారణంగా మూడు బోల్టులు కింద నుంచి స్లేట్ గుండా పైకి వెళ్తాయి, మా దానికి 9/16 అంగుళాల సాకెట్ రెంచ్ సరిపోయింది. ముందు నడిమి బోల్టు, తర్వాత రెండు చివరలవి, కొంచెం కొంచెం చొప్పున రెండు మూడు రౌండ్లు తిరగండి. ఒకటే పట్టుబట్టి బిగించెయ్యొద్దు, రెయిల్ లోపలుండేది చెక్క, మర పోయిందంటే అప్పుడు మెకానిక్‌ని పిలవక తప్పదు. నాకు ఈ పనికి ఇరవై నిమిషాలు పట్టింది, అందులో పది నిమిషాలు మా చిన్నోడు కిందకి దూరి నా పక్కన పడుకుని "ఇది ఏంటి నాన్నా, అది ఏంటి నాన్నా" అనడానికే పోయాయి.

బోల్టులు బానే ఉన్నా ఒక్కచోటే నీరసం ఉంటే అక్కడ రబ్బరు చెక్క నుంచి ఊడి ఉండొచ్చు. బొటనవేలితో ముక్కుని నొక్కి చూడండి, పక్క చోటుతో పోలిస్తే లోపలికి కదిలిపోతుంటే జిగురు వదిలేసినట్టే. ఇక నాలుగు వైపులా రాయిలా గట్టిపడి ఉంటేనో, నొక్కితే పెళుసుగా పగుళ్ళు వస్తున్నట్టుంటేనో రబ్బరుకి ముసలితనం వచ్చింది, మార్చాలి. అప్పుడు కూడా పాతదాని ఆకారం చూసుకుని అదే రకం తెప్పించండి, ఇళ్ళల్లో ఉండే టేబుల్స్‌కి ఎక్కువగా వాడేది కే 66 అనే ఆకారం. ముక్కు ఎత్తు బాల్ వ్యాసంలో 62.5 నుంచి 64.5 శాతం మధ్య ఉండాలి, అంటే క్లాత్ నుంచి 36 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఇంతకన్నా పైకుంటే బాల్‌ని నొక్కేసి వేగం చంపుతుంది, కిందకుంటే బాల్ ఎగురుతుంది. ఎవరో తప్పు రబ్బరు వేసిన టేబుల్స్ కూడా ఉంటాయి, స్కేలు పెట్టి కొలిస్తే తెలిసిపోతుంది.

ఇన్ని చేశాక కూడా దొర్లే దూరం తక్కువగానే ఉంటే, అప్పుడు క్లాత్. అరచేతిని దాని మీద ఆనించి ముందుకు తొయ్యండి, చేతి ముందు ముడత లేస్తే లూజు. లూజు క్లాత్ మీద బాల్ తన ముందు చిన్న అల తోసుకుంటూ పోతున్నట్టే. చిరుగులు లేకపోతే దాన్నే విప్పి మళ్ళీ లాగి బిగించొచ్చు, రెయిల్స్ అన్నీ తీయాలి కాబట్టి ఇది ఇద్దరి పని, తెలిసినవాడు ఉంటే మంచిది. తర్వాత రకం చూడండి. ఒక దిక్కున నిమిరితే నున్నగా, రెండో దిక్కున గరుగ్గా ఉంటే నూగు క్లాత్, స్నూకర్ టేబుల్స్ మీద ఉండే జాతి. అది పుట్టుకతోనే స్లో, ఎంత శుభ్రం చేసినా కొంతవరకే. ఎటు నిమిరినా ఒకేలా ఉండి నేత కంటికి కనిపిస్తుంటే వర్‌స్టెడ్ క్లాత్. మార్చాలనే నిర్ణయించుకుంటే వర్‌స్టెడ్‌కే వెళ్ళండి, తేడా మొదటి షాట్‌కే తెలుస్తుంది. బెల్జియం వాళ్ళ సిమోనిస్ క్లాత్‌లో 860 ఇంటికి సరిపోతుంది, 760 ఇంకా ఫాస్ట్, కానీ కొత్తగా నేర్చుకునే పిల్లలుంటే తెల్ల బాల్ ఆగమన్నా ఆగదు, గేమ్ గేమంతా ఫౌల్సే. మంచి బాల్స్ చేసే అరామిత్ కూడా బెల్జియందే, అంత చిన్న దేశానికి ఈ ఆట మీద ఏమిటో ఈ ప్రేమ.

క్లాత్ మార్పించేటప్పుడు పాత క్లాత్ తీశాక కొత్తది వెయ్యకముందే మెకానిక్‌ని ఆపి రెండు పనులు చేయించుకోండి, పలకల మధ్య అతుకుల్లో మైనం ఊడిందేమో చూసి నింపడం, లెవెల్ సరిచెయ్యడం. మళ్ళీ ఆ రాయి బయటపడేది ఎన్నేళ్ళకో. అంతా అయ్యాక జారుడుబల్ల పెట్టి కొలిచి, ఆ అంకె, తేదీ, ఆరోజు తేమ ఎంతుందో, టేబుల్ కింద చెక్క మీద పెన్సిల్‌తో రాసెయ్యండి, కాగితం మీదైతే మాయమైపోతుంది.