వాడుక జర్మన్ – 5వ పాఠం: మేకపోతు కాదు, ఆకలి

గత పాఠంలో 'నా?' అని పలకరించడం నేర్చుకున్నాం. పలకరింపు కాగానే స్నేహితులు అడిగే మాట ఇది: 'హస్ట్ దూ బొక్ ఔఫ్ కీనో?' అంటే, సినిమాకు వెళ్లాలని ఉందా?

నిఘంటువు తెరిస్తే 'బొక్' అంటే మేకపోతు అని ఉంటుంది. కంగారు పడకండి. కోరిక అనే అర్థంలో ఈ మాట రోమా ప్రజలు మాట్లాడే రోమానీ భాషలోని 'బొఖ్' నుంచి వచ్చిందని చెబుతారు. దాని అర్థం ఆకలి. రోమానీ మూలాలు మన దేశంలోనే ఉన్నాయి కాబట్టి హిందీ 'భూఖ్', సంస్కృత 'బుభుక్ష' దీనికి దగ్గరి చుట్టాలు. ఈ సంగతి తెలిశాక నాకు ఆ మాట మళ్లీ ఎన్నడూ పరాయిదిగా అనిపించలేదు.

'ఔఫ్' అంటే 'మీద'. 'బిర్యానీ మీదికి మనసు పోయింది' అంటాం కదా, అదే పద్ధతి: 'ఇష్ హబ్ బొక్ ఔఫ్ పిజ్జా.' ఇక్కడ 'హబె' అని పూర్తిగా పలికితే పుస్తకం చదివినట్లుంటుంది, 'హబ్' చాలు. 'బొక్' ముందు 'ఐనెన్' మాత్రం పెట్టకండి. పెడితే మీ దగ్గర ఒక మేకపోతు ఉందని అర్థం!

లేదని చెప్పడానికి 'నిష్ట్' (కాదు) పనికిరాదు, 'కైనెన్ బొక్' అనాలి. మాటల్లో అది 'కైన్ బొక్' అవుతుంది. పిలిచిన స్నేహితుడికి ఆ ఒక్క ముక్కే చెబితే ముఖం మీద తలుపు వేసినట్లుంటుంది. 'ఇష్ బిన్ ప్లట్' (బాగా అలసిపోయాను) అని జోడించండి, నొచ్చుకోడు. చాలా ఇష్టమైతే 'ఫొల్ బొక్!' అనండి.

'దూ' (నువ్వు) అని పిలుచుకునే వారి మధ్యే ఈ మాట చెల్లుతుంది. 'జీ' (మీరు) అని గౌరవించే అధికారితో 'హొయ్టె షఫె ఇష్ ఎస్ లైడర్ నిష్ట్' (ఈరోజు వీలుపడదండీ) అనడమే మర్యాద.

ఆశ్చర్యపోయినప్పుడు అనే 'క్రస్' గురించి ఒక్క మాట. స్నేహితురాలికి ఉద్యోగం వచ్చినా 'క్రస్!', ఇంటి అద్దె పెరిగినా 'క్రస్!' అర్థమంతా గొంతులోనే ఉంది.

అభ్యాసం: వంటగదిలో మీరు గిన్నెలు తోముతున్నారు. పక్క గది మిత్రుడు గుమ్మంలో నిలబడి, సైకిల్ హెల్మెట్ తీయకుండానే 'కీనో. బొక్?' అన్నాడు. వెళ్లాలని ఉంటే ఒక జవాబు, లేకపోతే ఒక జవాబు పైకి చదువుతూ రాయండి. వచ్చే పాఠంలో 'దొఖ్'.