దసరా కారు బేరం: కాగితం చేతికి రాకుండా అడ్వాన్స్ ఇవ్వకండి

పోయిన వారం మా బాబాయి గారబ్బాయి కొత్త కారు డెలివరీకి రమ్మంటే వెళ్లాను. వాళ్లది పాలకొల్లు పక్కన పల్లెటూరు. పిన్ని సంచిలో కొబ్బరికాయలు, నిమ్మకాయలు, పసుపూ కుంకుమా సర్దుకుని వచ్చింది. షోరూమ్ మధ్యలో కారుకి ఎర్ర గుడ్డ కప్పి, ముందు బల్ల మీద కేక్ పెట్టారు. ముహూర్తం 11:20కి. పదకొండు దాటాక అకౌంట్స్ సీట్లో ఆయన మావాణ్ని పిలిచి, "ఇంకో 37 వేలు ఉందండి, కట్టేస్తే గేట్‌పాస్ ఇచ్చేస్తాను" అన్నాడు.

62 వేలు తగ్గిస్తామన్నారు కదా అని మావాడు పర్సులోంచి ఓ విజిటింగ్ కార్డు తీశాడు. వెనకాల బాల్‌పెన్నుతో 62,000 అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. అంతే. తేదీ లేదు, సంతకం లేదు, దేనికి 62,000 అన్న మాటే లేదు. ఆ కార్డు ఇచ్చిన సేల్స్ కుర్రాడు పదిహేను రోజుల క్రితం మానేశాడట. మేనేజరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా సిస్టమ్‌లో లేదండి" అని తిరిగిచ్చేశాడు. పిన్ని హారతి పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. మావాడు ఇంకేమీ మాట్లాడకుండా ఫోన్ తీసి డబ్బు పంపేశాడు.

సాయంత్రం వాళ్లింటి అరుగు మీద బిల్లులన్నీ పరుచుకుని లెక్క వేశాం. చెప్పిన 62 వేలలో బిల్లు మీద నిజంగా తగ్గింది 25 వేలు. 20 వేలు ఎక్స్ఛేంజ్ బోనస్ అట, పాత కారు ఆర్సీ కొన్నవాళ్ల పేరు మీదకి మారాక వస్తుందట. మిగతా 17 వేలకి సీటు కవర్లు, మ్యాట్లు, డోర్ వైజర్లు వేసేశారు. ఇన్సూరెన్సేమో బయట అదే కవరేజీకి అడిగితే 17 వేలు తక్కువ చెప్పారు. హ్యాండ్లింగ్ ఛార్జీలని ఇంకో 8,500. అంటే తగ్గించిన 25 వేలకి, పక్క దారిన 25,500 లాగేశారు.

నేను బ్యాంకులో వాహన రుణాల సీట్లో తొమ్మిదేళ్లు పనిచేశాను. దసరా ముందు, దాళ్వా పంట డబ్బులు చేతికొచ్చాక, సంక్రాంతికి అల్లుడు వస్తున్నాడన్నప్పుడు మా దగ్గరికి వచ్చే క్వొటేషన్లూ ఆ తర్వాత వచ్చే ఇన్వాయిస్‌లూ పక్కపక్కన పెట్టి చూసేవాణ్ని. రెండు షోరూమ్‌లు తిరగండి, టెస్ట్ డ్రైవ్ చేయండి, నెలాఖరుకి వెళ్లండి అని నేను చెప్పక్కర్లేదు, అవి అందరికీ తెలుసు. మనవాళ్లు మునిగిపోయేది ఒక్క దగ్గరే. పూర్తి లెక్క కాగితం మీద పడకముందే అడ్వాన్స్ ఇచ్చేయడం. చేపల చెరువు లీజుకి పది కాగితాలు రాయించుకునేవాళ్లు, సెంటు భూమికి వకీలు దగ్గరికి వెళ్లేవాళ్లు, పది లక్షల కారుకి మాత్రం నోటిమాట మీద అడ్వాన్స్ ఇచ్చేస్తారు.

అడ్వాన్స్ ఇవ్వనంతసేపూ మీరు భీమవరంలో లేచి రాజమండ్రి వెళ్లిపోగల మనిషి. ఇచ్చిన మరుక్షణం మీరు వాళ్ల లెక్కలో వచ్చేసిన మనిషి. బేరం బలం అంతా ఆ మధ్యలోనే ఉంటుంది.

కాగితం అంటే ఏది

విజిటింగ్ కార్డు కాదు. వాట్సాప్‌లో "ఓకే సార్ డన్" కాదు. షోరూమ్ పేరుతో అచ్చయిన క్వొటేషన్, దాని మీద మేనేజరు సంతకం, స్టాంపు, తేదీ, ఎన్నాళ్లు చెల్లుతుందో ఆ గడువు. అందులో వేరియంట్, రంగు, కారు తయారైన నెల, సంవత్సరం ఉండాలి. తర్వాత వరసకొక్కటి చొప్పున: ఎక్స్-షోరూమ్ ధర (రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపని బండి ధర), అందులో కంపెనీ ఆఫర్ ఎంత, షోరూమ్ తన కమిషన్‌లోంచి తగ్గించేది ఎంత, ఇన్సూరెన్స్, లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు, ఫాస్టాగ్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, యాక్సెసరీస్. అడుగున మొత్తం.

మీరు బేరం ఆడాల్సింది ఆ అడుగు అంకె మీద. "డిస్కౌంట్ ఎంత ఇస్తారు?" అని అడగకండి. అలా అడిగితే పెద్ద డిస్కౌంట్ చూపించి, పైనున్న గళ్లలో సర్దేస్తారు. "అన్నీ కలిపి, బండి మా ఇంటికి రావడానికి ఎంత?" అని అడగండి. కంపెనీ ఆఫర్ ఎవరికైనా వచ్చేదే, దాన్ని తన దయగా సేల్స్ కుర్రాడు చెబితే అక్కడ ఆగిపోకండి. షోరూమ్ వాటా ఎంతో విడిగా రాయించుకోండి.

బుకింగ్ ఫారం వెనక సన్నటి అక్షరాల్లో డెలివరీ నాటి ధరే వర్తిస్తుందని సాధారణంగా ఉంటుంది. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, సెస్ పోయింది. ఆ మారడం కొనేవాడికి కలిసొచ్చింది. కానీ చాలా కంపెనీలు జనవరిలో ధర పెంచుతుంటాయి, ఆఫర్లు నెల నెలా మారతాయి. కాబట్టి డెలివరీ ఆలస్యమైతే ఏ నెల ఆఫర్ ఇస్తారో అదే కాగితం మీద రాయించుకోండి. అడ్వాన్స్ వెనక్కి అడిగితే ఎంత కోస్తారో కూడా.

ముహూర్తం సంగతి

ముహూర్తం పెట్టించుకోండి, అయినవిల్లి వినాయకుడి దగ్గరికో అన్నవరమో తీసుకెళ్లి పూజ చేయించుకోండి. కానీ ఆ తేదీ షోరూమ్‌లో చెప్పకండి. "దశమి నాడే కావాలండి, ఆ తర్వాత మూఢం" అన్నారంటే మీకు కదలడానికి చోటు లేదని వాళ్లకి అర్థమైపోతుంది. బేరం తెగి, కాగితం చేతికొచ్చాకే తేదీ చెప్పండి. మిగిలిన డబ్బు కట్టే పని డెలివరీకి రెండు రోజుల ముందే, ఒంటరిగా వెళ్లి ముగించండి. హారతి పళ్లెం పక్కన ఉండగా ఎవరూ గట్టిగా మాట్లాడలేరు.

డబ్బు జారిపోయే చోట్లు

ముందు ఇన్సూరెన్స్. షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి చేసే బీమా, తప్పనిసరి, 2018 సెప్టెంబరు నుంచీ ఇదే పద్ధతి. ఆ రేటు ప్రభుత్వం పెట్టేది, అందులో బేరం లేదు. బేరమంతా మీ కారు నష్టానికిచ్చే ఓన్ డ్యామేజ్ భాగంలోనే. బయట ఒక ఏజెంటు దగ్గర కొటేషన్ తీసుకుని వెళ్లండి. పోల్చేటప్పుడు ఐడీవీ, అంటే బండి పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కగట్టే విలువ, ఒకటేనా అని చూడండి. కొత్త కారుకి ఐడీవీ ఎక్స్-షోరూమ్ ధరలో 95 శాతం దగ్గర ఉండాలి. దాన్ని తగ్గించి ప్రీమియం తక్కువ చూపిస్తే, రేపు బండి పోయిన రోజున ఆ తేడా మీ నెత్తి మీదే. మనది గోదావరి డెల్టా. వర్షాకాలంలో కాలవ గట్ల రోడ్ల మీద నీళ్లు ఎక్కడ నిలుస్తాయో మీకు తెలుసు. ఇంజిన్‌లోకి నీళ్లు పోతే ఆదుకునే ఇంజిన్ ప్రొటెక్ట్ తీసుకోండి, దాంట్లో పిసినారితనం వద్దు.

పాత కారు మీద క్లెయిమ్ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ మీది, కారుది కాదు. అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం. పాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి లెటర్ తెచ్చుకుంటే కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో అంత తగ్గుతుంది. ఇది షోరూమ్‌లో తమంతట తాము చెప్పినవాళ్లని నేను చాలా తక్కువ చూశాను.

తర్వాత లోను. "నెలకి ఎంత కట్టగలరు సార్?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పకండి. 8 లక్షలు, 9 శాతం వడ్డీ అనుకోండి. అయిదేళ్లకి నెలకి 16,600 పడుతుంది. ఏడేళ్లకి 12,900కి దిగుతుంది. నెలకి 3,700 తగ్గిందని సంతోషం. కానీ ఏడేళ్లకి కట్టే మొత్తం దాదాపు 85 వేలు ఎక్కువ. మీరు గంటసేపు కష్టపడి తెచ్చుకున్న డిస్కౌంట్ అక్కడే ఆవిరైపోతుంది. కారు ధర తేలాక, కాగితం చేతికొచ్చాక, అప్పుడు లోను మాట.

10 లక్షలు దాటిన కారుకి 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను, తీసుకుంటారు. అది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమయ్యే పన్ను. కానీ వ్యవసాయ ఆదాయమే కదా అని రిటర్న్ వేయని రైతులు మన వైపు చాలామంది. రిటర్న్ వేస్తేనే అది వెనక్కి వస్తుంది. 12 లక్షల కారుకి 12 వేలు, ఊరికే వదిలేయకండి.

హ్యాండ్లింగ్ ఛార్జీలకి ప్రభుత్వ రసీదు ఏదీ ఉండదు. తీయించేయండి.

ఇక పాత కారు. ఇది డబ్బుతో పోయే విషయం కాదు, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేటప్పుడు బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకుంటారు. కొన్నవాళ్ల పేరు గడి ఖాళీగా ఉంటుంది. ఆ బండి రెండు చేతులు మారి, ఏ తణుకు బైపాస్ మీదో ప్రమాదం చేస్తే నోటీసు మీ ఇంటికే వస్తుంది. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని, పరిహారం బాధ్యత వాళ్లదే అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2023 ఏప్రిల్ నుంచి కొత్త నిబంధన ఉంది: పాత బళ్లు కొనే డీలరు ఆర్టీవో దగ్గర అనుమతి తీసుకోవాలి, మీరు బండి అప్పగించినట్టు ఫారం 29సీ ఆన్‌లైన్‌లో నమోదవ్వాలి. ఆ నమోదు కాపీ చేతికిస్తేనే తాళం ఇవ్వండి. పాత కారు ధర కూడా అదే క్వొటేషన్‌లో విడి వరసగా ఉండాలి. కొత్తదాని డిస్కౌంటూ పాతదాని రేటూ కలిపి చెబితే ఒప్పుకోకండి, ముందు కొత్తదాని ధర తేల్చి ఆ తర్వాతే పాతది బయటపెట్టండి.

ఇంకా ఉన్నాయి, వరసగా చెప్పేస్తాను.

అడ్వాన్స్ సేల్స్ కుర్రాడి ఫోన్ నంబరుకి పంపకండి. షోరూమ్ కంపెనీ ఖాతాకే పంపండి, రసీదు ఆ క్షణమే తీసుకోండి.

అడ్వాన్స్ పెద్ద మొత్తం వద్దు. పోగొట్టుకున్నా లేచి బయటికి రాగలిగేంతే.

రొయ్యల డబ్బు సంచిలో తెచ్చి కట్టేద్దామనుకోకండి. ఒక లావాదేవీకి 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం 2017 ఏప్రిల్ నుంచి కుదరదు. విడగొట్టి తీసుకుంటామని వాళ్లన్నా ఒప్పుకోకండి.

పుదుచ్చేరి కిందికొచ్చే యానాం అడ్రసు పుట్టించి రిజిస్ట్రేషన్ చేయిస్తాం, లైఫ్ టాక్స్ మిగులుతుంది అంటారు. వద్దు. వేరే చోట రిజిస్టరైన బండి 12 నెలలు దాటి ఇక్కడ తిరిగితే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే, పన్ను కట్టాల్సిందే. దొంగ అడ్రసు కేసు దానికి అదనం.

ఉచిత యాక్సెసరీస్‌ని డిస్కౌంట్ అనుకోకండి. డబ్బు రూపంలో అడగండి.

ప్రభుత్వ ఉద్యోగులకి, కొన్ని కంపెనీల్లో రైతులకి విడి ఆఫర్లుంటాయి. మీ అంతట మీరే అడగండి.

బండి తయారైన నెల ఫారం 21లో, అంటే షోరూమ్ ఇచ్చే అమ్మకం సర్టిఫికెట్‌లో, ఉంటుంది. డబ్బంతా కట్టాక కాదు, ముందే చూడండి. నిరుటి డిసెంబరు బండి ఇస్తుంటే దానికి తగ్గ తగ్గింపు వేరే అడగండి.

రిజిస్ట్రేషన్ కాకముందే, పగటి వెలుతురులో, ఛాసిస్ నంబరు కాగితంతో సరిచూసి బండి మొత్తం చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బళ్లు మునిగాయో చూశాం. అలా నీళ్లలో మునిగిన బండేమోనని సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. కార్పెట్ ఎత్తి తడి, మట్టి వాసన చూడండి. స్టెప్నీ గుంటలో వేలు పెట్టి రుద్దండి, ఒండ్రు అంటితే ఆ బండి వద్దు.

డిస్కౌంట్ టాక్స్ ఇన్వాయిస్‌లో కనిపించాలి. "తర్వాత అకౌంట్‌లో వేస్తాం" అంటే ఎంత, ఎప్పటిలోగా అన్నది రాసి సంతకం పెట్టించండి.

ఖాళీ ఫారాల మీద సంతకం వద్దు. ఒక్కటీ వద్దు.

పిల్లల్ని బేరానికి తీసుకెళ్లకండి. కారులో కూర్చుని దిగరు.

మాట తప్పితే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. అక్కడ కూడా మొదట అడిగేది మీ దగ్గర కాగితం ఉందా అనే.

"సార్, ఈ ఆఫర్ ఇవాళ సాయంత్రం వరకే" అంటారు. సరే, ఇవాళే కాగితం ఇవ్వమనండి. ఇవ్వలేదా, లేచి వచ్చేయండి. కాగితం లేకుండా అడ్వాన్స్ వద్దు. మేనేజరు మీ ఊరి వాడైనా, సేల్స్ కుర్రాడు మీ మేనమామ కొడుకైనా వద్దు.

మావాడి 20 వేల ఎక్స్ఛేంజ్ బోనస్ ఇంకా రాలేదు. నిన్న రాత్రి ఫోన్లో చూస్తే పాత కారు ఆర్సీ వాడి పేరు మీదే ఉంది, బండి మాత్రం షోరూమ్‌లో లేదు. రేపు పొద్దున్నే ఇద్దరం వెళ్తున్నాం, అది ఎవరి చేతిలో ఉందో అడగడానికి.