పాత చట్టం చదవడం నేర్చుకుందాం – 3: బర్మాలో ఒక సెక్షన్

చట్టం పేరు, ఏడాది, అది వర్తించే ప్రాంతం ఎలా చూసుకోవాలో గత రెండు భాగాల్లో చూశాం. ఈసారి సెక్షన్ లోపలికి వెళ్దాం. 1898 నాటి బర్మా లాస్ యాక్ట్, సెక్షన్ 13 తీసుకుంటున్నాను.

1824 నుంచి 1885 దాకా మూడు యుద్ధాల్లో బర్మాను దక్కించుకున్న బ్రిటిష్‌వాళ్లు దాన్ని ఇండియాలో ఒక రాష్ట్రంగా కలిపేశారు. 1937లో విడదీశాక కూడా మన పీనల్ కోడ్ అక్కడే ఉండిపోయింది. (ఇప్పటికీ అక్కడ హత్యకు 302, మోసానికి 420. మన దగ్గరే ఆ అంకెలు మారిపోయాయి.) నేరాలకు అందరికీ ఒకటే కోడ్. పెళ్లి, వారసత్వం దగ్గరకొచ్చేసరికి మాత్రం సెక్షన్ 13 చూడాలి. దాని సారం ఇదీ:

వారసత్వం, పెళ్లి, కులం, మతాచారం విషయాల్లో కక్షిదారులు బౌద్ధులైతే బౌద్ధ ధర్మం (అంటే ఆ మతస్తుల చట్టం), ముస్లింలైతే ముస్లిం ధర్మం, హిందువులైతే హిందూ ధర్మం వర్తిస్తుంది. వేరే చట్టం దాన్ని మార్చినా, చట్టమంత బలమున్న ఆచారం అడ్డొచ్చినా తప్ప. ఇందులోకి రాని వాటికి, వేరే చట్టమూ లేకపోతే, న్యాయం, సమత, మనస్సాక్షి ప్రకారం తీర్పు.

పెన్సిల్ తీసుకోండి. ముందు విషయాల కింద గీత గీయండి. చాలామంది నేరుగా మతాల మీదికి దూకుతారు, అక్కడే దెబ్బతింటారు. చెట్టియార్ (తమిళ వడ్డీ వ్యాపారి) దగ్గర బర్మా రైతు చేసిన అప్పు మీద దావా పడిందనుకోండి, అది ఈ సెక్షన్ గడప కూడా తొక్కదు. విషయం కుదిరాకే మనుషుల చుట్టూ సున్నా చుట్టండి. ‘తప్ప’ దగ్గర ఇంటూ పెట్టండి. ‘ఇందులోకి రాని వాటికి’ అన్న మిగులు వాక్యం ఆఖరున చూడండి.

ఇప్పుడు ఒక ఊహా కేసు. విశాఖ వైపు నుంచి రంగూన్ రేవులో పనికి వెళ్లిన తెలుగాయన బర్మా బౌద్ధ స్త్రీతో కాపురం పెట్టాడు. కొంత సొమ్ము వదిలి పోయాడు. ఊర్నుంచి అన్నదమ్ములు దిగి ఆస్తి మాదే అన్నారు. విషయం వారసత్వం, కుదిరింది. మరి మనుషులు? ఒకరు హిందువు, ఒకరు బౌద్ధురాలు. ‘కక్షిదారులు బౌద్ధులైతే’ అన్న మాట ఇద్దరికీ అతకదు. బర్మా ఆచారంలో నలుగురికీ తెలిసేలా భార్యాభర్తలుగా బతికితే అదే పెళ్లి, తంతు అక్కర్లేదు. హిందూ శాస్త్రం అలా ఒప్పుకోదు. కాబట్టి ఆస్తి సంగతి తర్వాత, ఆమె అసలు భార్యేనా అన్నదే ముందు తేలాలి. రాసినవాళ్లు ఒక్కో మతాన్ని ఒక్కో గదిలో పెట్టి తలుపులేశారు. గదుల మధ్య కాపురాలుంటాయని పట్టించుకోలేదని నా అభిప్రాయం. ఈ చిక్కు కోసమే 1939లో బౌద్ధ స్త్రీల వివాహ, వారసత్వ చట్టం విడిగా తేవాల్సి వచ్చింది.

అభ్యాసం: మాండలే బౌద్ధుడొకడు ఆస్తంతా చిన్న కొడుక్కి వీలునామా రాశాడు. బౌద్ధ ధర్మంలో వీలునామా లేదని పెద్ద కొడుకు కోర్టుకెక్కాడు. సెక్షన్‌లో ఏ మాటను పట్టుకుని వాదించాలి? గీత, సున్నా, ఇంటూ వరసలోనే వెళ్లండి. జవాబు నాలుగో భాగంలో.