రోగులు ఆ తర్వాత ఏమయ్యారు? 3వ పాఠం: రానివాళ్ళ లెక్క

ముందు కిందటి పాఠం చివర ఇచ్చిన ప్రశ్న సంగతి తేల్చేద్దాం. గుండె మార్పిడి కోసం పేరు రాయించుకున్నవాళ్ళలో గుండె దొరికి ఆపరేషన్ అయినవాళ్ళు ఎక్కువ కాలం బతికారు, దొరకనివాళ్ళు తొందరగా పోయారు. ఆపరేషన్ ఆయుష్షు పెంచిందని దీన్నిబట్టి చెప్పొచ్చా అని అడిగాను.

చెప్పకూడదు. గుండె దొరికేదాకా బతికున్నవాళ్ళకే ఆపరేషన్ జరుగుతుంది. మూడు నెలలు ఎదురుచూసి ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఆ మూడు నెలల్లో పోయే ప్రసక్తే లేదు. పోయి ఉంటే అతని పేరు అవతలి జాబితాలో చేరేది. ఆ మూడు నెలలను ఆపరేషన్ ఖాతాలో వేశామా, అది చేయని మేలు కూడా దాని పేరు మీద జమవుతుంది. ఇది నేను పాఠం కోసం అల్లిన చిక్కు కాదు. గుండె మార్పిడి ఆపరేషన్లు మొదలైన కొత్తల్లో వచ్చిన విశ్లేషణల్లో ఇలాంటి లోపమే ఉందని 1972లో మిచెల్ గెయిల్ అనే గణాంక శాస్త్రవేత్త ఎత్తి చూపాడు. మందుల కోర్సు పూర్తి చేసినవాళ్ళనీ, మధ్యలో ఆగిపోయినవాళ్ళనీ పోల్చేటప్పుడు ఇప్పటికీ చాలామంది ఇదే గుంటలో పడుతున్నారు. కోర్సు పూర్తి కావాలంటే అన్నాళ్ళు మనిషి ఉండాలి కదా! అందుకే గడియారం, అంటే రోజులు లెక్కపెట్టడం, అందరికీ ఒకే చోట మొదలవ్వాలని 2వ పాఠంలో అంతగా పట్టుబట్టాను.

ఇవాళ గడియారం రెండో కొస చూద్దాం. మొదలుపెట్టినవాళ్ళు అందరూ చివరిదాకా మనకు కనిపించరు. ఇల్లు మారతారు, నంబరు మారుస్తారు, విసుగొచ్చి మానేస్తారు, కొందరు చనిపోతారు. వాళ్ళ గడి ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీని ఏం చేయాలన్నదే ఈ పాఠం.

లెక్క నేర్చుకోవడానికి పదిమందిని ఊహించుకుందాం. అందరూ మొదటిసారి పక్షవాతం వచ్చి, ఆసుపత్రిలో ఉండి, డిశ్చార్జి అయినవాళ్ళు. డిశ్చార్జి రోజు నుంచి 24 నెలల్లో రెండోసారి పక్షవాతం ఎంతమందికి వస్తుందన్నది ప్రశ్న. ఒకరికి 3వ నెలలో వచ్చింది. ఇంకొకరు 5వ నెల తర్వాత జాడ లేరు. 8వ నెలలో ఒకరికి వచ్చింది. 12వ నెలలో ఒకరు తప్పిపోయారు. 14వ నెలలో ఒకరికి వచ్చింది. 20వ నెలలో మరొకరు తప్పిపోయారు. మిగిలిన నలుగురు 24 నెలలూ ఏ ఇబ్బందీ లేకుండా గడిపారు. అంటే ముగ్గురికి వచ్చింది, ముగ్గురి సంగతి తెలియదు, నలుగురు క్షేమం.

ఇప్పుడు శాతం ఎంత? పదిమందిలో ముగ్గురు కాబట్టి 30 శాతం అని ఒకరంటారు. అలా అన్నారంటే జాడలేని ముగ్గురూ క్షేమంగా ఉన్నారని ఒప్పేసుకున్నట్టే. తెలియనివాళ్ళను తీసేద్దాం, ఏడుగురిలో ముగ్గురు, 43 శాతం అని ఇంకొకరంటారు. అప్పుడు 20 నెలలు మన కళ్ళ ముందే క్షేమంగా ఉన్న మనిషిని కూడా చెత్తబుట్టలో వేసినట్టవుతుంది. రెండూ తప్పే. అయినా నా దగ్గరికి వచ్చే పట్టికల్లో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే, ఎందుకంటే ఎక్సెల్‌లో ఖాళీ గడులున్న వరసలు తీసేయడం చిటికెలో పని.

సరైన దారి 1958లో ఎడ్వర్డ్ కాప్లాన్, పాల్ మేయర్ కలిసి రాసిన వ్యాసంలో ఉంది. వీళ్ళిద్దరూ మొదట ఎవరి దారిన వాళ్ళు రాసుకున్నారు. మేయర్ ఆలోచిస్తున్నది రోగుల గురించి. కాప్లాన్ లెక్క వేస్తున్నది సముద్రం అడుగున వేసే టెలిఫోన్ కేబుళ్ళలో సిగ్నల్ బలం పెంచే వాక్యూమ్ ట్యూబులు ఎన్నాళ్ళు పనిచేస్తాయని! రెండు లెక్కలూ ఒకటేనని తేలాక ఒకే వ్యాసంగా కలిపారు. రోగి అయినా ట్యూబు అయినా ప్రశ్న ఒక్కటే: చూస్తున్నంత కాలం నిలబడింది, ఆ తర్వాత సంగతి తెలియదు, మరి దాన్ని లెక్కలో ఎలా పెట్టాలి?

వాళ్ళ ఉపాయం చాలా సింపుల్. ఒక్కో మనిషి ఎన్నాళ్ళు మన కళ్ళ ముందున్నాడో అన్నాళ్ళే లెక్కలో ఉంటాడు. కాగితం, పెన్ను తీసుకుని నాతో పాటు వేయండి.

3వ నెలలో సంఘటన జరిగేనాటికి పదిమందీ లెక్కలో ఉన్నారు. ఒకరికి వచ్చింది, తొమ్మిదిమంది మిగిలారు. 9/10 అంటే 0.9.

5వ నెలలో ఒకరు తప్పిపోయారు. శాతం మారదు, లెక్కలో ఉన్నవాళ్ళు మాత్రం ఎనిమిదికి తగ్గారు.

8వ నెలలో ఆ ఎనిమిదిమందిలో ఒకరికి వచ్చింది. 7/8 అంటే 0.875. దీన్ని ముందటి 0.9తో గుణించండి: 0.7875.

12వ నెలలో ఇంకొకరు తప్పిపోయారు, ఆరుగురు మిగిలారు. 14వ నెలలో ఆ ఆరుగురిలో ఒకరికి వచ్చింది. 5/6ని 0.7875తో గుణిస్తే దాదాపు 0.656.

20వ నెలలో ఒకరు తప్పిపోయినా ఆ తర్వాత సంఘటన ఏదీ లేదు కాబట్టి అంకె అక్కడే ఆగుతుంది. 24 నెలలకు రెండో పక్షవాతం రాకుండా ఉండే అవకాశం 65.6 శాతం, వచ్చే అవకాశం 34.4 శాతం. 30 కాదు, 43 కాదు. తప్పిపోయినవాళ్ళ దగ్గర భాగించే సంఖ్యే తగ్గింది తప్ప, వాళ్ళు కనిపించినన్నాళ్ళ సాక్ష్యం వృథా పోలేదని గమనించారా? అలా కొంతకాలం మాత్రమే కనిపించిన సమాచారాన్ని సెన్సర్ అయిన సమాచారం అంటారు. సినిమా సెన్సారుతో దీనికి సంబంధం లేదు.

ఒక చిన్న జాగ్రత్త చెప్పి ముందుకెళ్తాను. రెండో పక్షవాతం రాకుండానే వేరే కారణంతో చనిపోయిన మనిషిని 'తప్పిపోయారు' కింద వేయకండి. తప్పిపోయిన మనిషికి రేపు పక్షవాతం రావచ్చు, చనిపోయిన మనిషికి రాదు. దీని లెక్క వేరు, 6వ పాఠంలో చూద్దాం.

ఇక అసలు విషయానికొద్దాం. పైన వేసిన గుణకారాలు పదో తరగతి పిల్లలు కూడా చేస్తారు. లెక్క మొత్తం ఒక ఊహ మీద నిలబడి ఉంది: తప్పిపోయినవాళ్ళు కూడా అప్పటికి లెక్కలో మిగిలినవాళ్ళలాంటి వాళ్ళేనని. ఇది నిజమో కాదో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. చెప్పగలిగేది ఫోన్ ఒక్కటే.

నేను మొదటిసారి ఇలాంటి పట్టిక పట్టుకున్నది ఒక ఆసుపత్రిలో జరుగుతున్న స్టడీకి సాయం చేసినప్పుడు. ఏడాది చెకప్‌కి రానివాళ్ళ గడుల్లో నాకంటే ముందు పనిచేసిన మనిషి ఒకే మాట రాసుకుంటూ పోయాడు: 'రాలేదు', 'రాలేదు', 'రాలేదు'. నేనూ అలాగే కానిచ్చేద్దామనుకున్నాను. ఆ సాయంత్రం పనేమీ లేక వరసగా మూడు నంబర్లకు ఫోన్ చేశాను. మొదటిది పేషెంట్ కొడుకు ఎత్తాడు. "నాన్న పోయి ఐదు నెలలైందండీ" అన్నాడు. రెండో ఫోన్ పేషెంటే ఎత్తింది. వెనక మెషిన్ చప్పుడు వినిపిస్తోంది. "బాగానే ఉన్నాను కదా సార్, పని మానుకుని రావడం ఎందుకు?" అంది. మూడో మనిషి మంచం దిగలేని స్థితిలో ఉన్నాడు, తీసుకొచ్చేవాళ్ళు లేరు. పట్టికలో ముగ్గురికీ ఒకటే మాట, బయట మూడు వేరే కథలు.

అందుకే 'రాలేదు' అన్న మాటను మీ పట్టికలోంచి ఇవాళే తీసేయండి. దాని స్థానంలో మూడు గడులు పెట్టుకోండి. ఒకదాంట్లో ఆఖరిసారి క్షేమంగా ఉన్నట్టు తెలిసిన తేదీ, ఇంకొకదాంట్లో ఆ సంగతి ఎవరు చెప్పారు, మూడోదాంట్లో ఎందుకు రాలేదు. తేదీ లేకపోతే పైన వేసిన లెక్క వేయనే లేం. కారణం లేకపోతే వేసిన లెక్కను నమ్మాలో వద్దో తెలియదు. బాగుపడి రానివాళ్ళే ఎక్కువైతే మన అంకె పరిస్థితిని ఉన్నదానికంటే చెడ్డగా చూపిస్తుంది. చనిపోయీ మంచాన పడీ రానివాళ్ళు ఎక్కువైతే ఉన్నదానికంటే బాగా చూపిస్తుంది. నా అనుభవంలో ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే బాగున్నట్టు కనిపించే ఫలితాన్ని ఎవరూ తిరగేసి చూడరు.

ఇంకో మాట. ఇంట్లోవాళ్ళకు ఫోన్ చేయడానికి అనుమతి మొదటిరోజే రాతపూర్వకంగా తీసుకోవాలి, ఎథిక్స్ కమిటీకి ఇచ్చే కాగితాల్లోనూ అది ఉండాలి. మనిషి తప్పిపోయాక అనుమతి ఎవర్ని అడుగుతారు? ఒక్క నంబరు తీసుకుని ఊరుకోకండి. వేరే ఇంట్లో ఉండే బంధువుదో స్నేహితుడిదో కనీసం ఇంకొకటి తీసుకోండి. ఒకే ఇంట్లో వాళ్ళ నంబర్లు రెండు తీసుకుంటే, ఇల్లు మారిన రోజున రెండూ ఒకేసారి చేజారతాయి.

దీర్ఘకాలం వెంటపడటం అంటే ఏమిటో చూడాలంటే బ్రిటన్‌లో డాక్టర్ల మీద జరిగిన అధ్యయనాన్ని చూడాలి. 1951లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు దేశంలోని డాక్టర్లకు సిగరెట్ అలవాటు గురించి ఉత్తరాలు రాశారు. వాళ్ళలో 34,439 మంది మగ డాక్టర్లను 2001 దాకా, అంటే 50 ఏళ్ళు గమనించారు. జీవితాంతం సిగరెట్లు కాల్చినవాళ్ళు సగటున పదేళ్ళు ముందే పోతున్నారని అంత గట్టిగా చెప్పగలిగింది అందుకే. డాక్టర్లనే ఎందుకు ఎంచుకున్నారు? వాళ్ళ పేర్లు మెడికల్ రిజిస్టరులో ఉంటాయి, ఎక్కడికెళ్ళినా ఆచూకీ తీయొచ్చు. ఉత్తరానికి జవాబివ్వని మనిషి ఉన్నాడో పోయాడో మరణాల రికార్డుల్లో చూసుకోవచ్చు. తప్పిపోయేవాళ్ళ గురించి మొదటి ఉత్తరం పోస్టు చేయకముందే ఆలోచించారన్నమాట.

మరి ఎంతమంది తప్పిపోతే ఫరవాలేదు? 5 శాతం లోపైతే పెద్ద ఇబ్బంది లేదు, 20 శాతం దాటితే ఫలితాన్ని నమ్మొద్దు అన్న కొండగుర్తు ఒకటి చాలాచోట్ల వినిపిస్తుంది. నాకు దాని మీద అంత గురి లేదు. తప్పిపోయినవాళ్ళను మొత్తం జనంతో కాదు, సంఘటన జరిగినవాళ్ళతో పోల్చి చూడండి. వందమందిలో ఇద్దరికే సంఘటన జరిగిన చోట నలుగురు తప్పిపోతే అది 4 శాతమే, కొండగుర్తు ప్రకారం భేష్. కానీ ఆ నలుగురికీ సంఘటన జరిగి ఉంటే మీ అంకె 2 నుంచి 6కి, మూడింతలకు పోతుంది.

ఈ పరీక్షనే మన పదిమంది మీద పెట్టండి. తప్పిపోయిన ముగ్గురూ క్షేమమైతే 30 శాతం, ముగ్గురికీ పక్షవాతం వచ్చి ఉంటే 60 శాతం. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. మన 34.4 అందులో ఒక అంచనా మాత్రమే. రిపోర్టులో ఈ రెండు కొసలూ రాయడానికి చాలామంది వెనకాడతారు, తమ పని పల్చగా కనిపిస్తుందని టెన్షన్. నేనైతే అవి లేని రిపోర్టును పక్కన పెట్టేస్తాను.

ఈ వారం అభ్యాసం. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఎనిమిదిమందిని 12 నెలలు గమనించారు. మళ్ళీ ఆపరేషన్ అవసరమవడం ఇక్కడ సంఘటన. అది 2, 6, 10 నెలల్లో ఒక్కొక్కరికి జరిగింది. 4, 9 నెలల్లో ఒక్కొక్కరు తప్పిపోయారు. ముగ్గురు ఏడాదంతా క్షేమం. కాగితం మీద, పైన చేసినట్టే, 12 నెలలకు అంకె తేల్చండి. తర్వాత ఇలా అనుకోండి: 9వ నెలలో తప్పిపోయారని రాసుకున్న మనిషికి మీరు ఫోన్ చేస్తే, 7వ నెలలోనే వేరే ఆసుపత్రిలో మళ్ళీ ఆపరేషన్ చేయించుకున్నానని చెప్పాడు. లెక్క మొదటి నుంచి మళ్ళీ వేయండి. ఆ ఒక్క ఫోన్‌తో అంకె ఎంత కదిలిందో పక్కన రాసి పెట్టుకోండి, 4వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాం.