శిక్ష ముగిశాక విదేశీ కచేరీకి: కాగితాలు, వీణ, వేళ్లు

పాస్‌పోర్టు దగ్గరే చాలామంది లెక్క తప్పుతారు. నైతిక పతనం కిందికొచ్చే (మోసం, దొంగతనం లాంటి) నేరానికి రెండేళ్లకు తక్కువ కాని జైలుశిక్ష పడితే అయిదేళ్లపాటు పాస్‌పోర్టు ఇవ్వకపోవచ్చని 1967 పాస్‌పోర్టు చట్టం చెబుతుంది. ఆ అయిదేళ్లను లెక్కపెట్టాల్సింది శిక్ష పడిన రోజు నుంచి, విడుదలైన రోజు నుంచి కాదు. లోపలే నాలుగేళ్లు గడిస్తే మిగిలింది ఏడాదే. ఇంకో కేసు నడుస్తుంటే ఆ కోర్టు అనుమతి తేవాలి. ఉత్తర్వులో పాస్‌పోర్టు ఎన్నేళ్లకో రాయించమని వకీలుకు ముందే చెప్పండి. రాయకపోతే ఏడాదికే ఇస్తారు, వీసా చేతికొచ్చేసరికి గడువు దగ్గరపడుతుంది.

తీర్పు సర్టిఫైడ్ నకలు, విడుదల పత్రం, జరిమానా రసీదు జాగ్రత్త చేయండి. రసీదే కదా అని పారేయొద్దు: కెనడాకు పునరావాస దరఖాస్తు (పాత నేరం ఉన్నా రానివ్వమని అడిగేది) పెట్టాలంటే జరిమానాతో సహా శిక్ష మొత్తం ముగిసి అయిదేళ్లు కావాలి.

అమెరికాలో సంప్రదాయ కళాకారులకు పీ-3 వీసా ఉంది. పిటిషన్ వేయాల్సింది అక్కడి నిర్వాహకులే, కాబట్టి కేసు సంగతి వాళ్లకు మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అరెస్టు ప్రశ్నకు 'అవును' అనే పెట్టాలి. నేరం అడ్డమైనా మినహాయింపు అడగొచ్చు. అబద్ధం దొరికితే అదే జీవితకాలపు అడ్డంకి అవుతుంది. పర్యాటక వీసాపై డబ్బు తీసుకుని వాయించడం ఇంకో తప్పు.

ఈలోగా వీణ. ఏళ్లతరబడి మూలనపడితే మెట్లను నిలబెట్టే మైనం బీటలువారి అవి కదులుతాయి. ఒకే మెట్టు దగ్గర తీగ జరజరమంటే మైనం వదిలేసిందన్నమాట. అక్కడక్కడ అతుకులేయకుండా మేళం, అంటే మైనంతో సహా మెట్ల వరుస, మొత్తం కట్టించండి. పాత వీణకు దంతపు పని ఉంటే దాన్ని ఇంట్లోనే వదలండి, సరిహద్దులో జప్తు చేస్తారు. విమానం ఎక్కేముందు ఏడు తీగలూ వదులుచేయాలి, పూర్తిగా తీసేయొద్దు.

వేళ్ల సంగతి తొందరపడేది కాదు. ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్లపై తీగ నొక్కి పడిన గాడి పూడిపోయి ఉంటుంది. మొదటి వారం పూటకు 15 నిమిషాలు, తొలి పాఠాలైన సరళీ వరుసలు, మొదటి కాలంలోనే, అంటే నెమ్మదిగానే. స్వరాన్ని ఊపే గమకం కోసం తీగ లాగితే మూడోరోజుకే బొబ్బ పగులుతుంది, మళ్లీ వారం పోతుంది. చర్మం గట్టిపడ్డాకే వర్ణాల్లాంటి పెద్ద రచనలు. అప్పుడు రికార్డు చేసిన అరగంట కచేరీయే నిర్వాహకులకు పంపండి, పాత క్యాసెట్లు కాదు.