పబ్లిక్ కీ నిజంగా వాళ్లదేనా? ఫింగర్‌ప్రింట్ సరిచూడటం ఎలా?

ఫైళ్లు, మెయిళ్లు వేరేవాళ్లు చదవలేకుండా మార్చి (ఎన్‌క్రిప్ట్ చేసి) పంపాలంటే, విండోస్ అయితే జీపీజీ4విన్ అనే ప్రోగ్రామ్ వేసుకోండి, కీలను చూసుకునే క్లియోపాట్రా దాంతోపాటే వస్తుంది. క్లియోపాట్రా ఫైల్ మెనూలో కొత్త ఓపెన్‌పీజీపీ (ఈ ఎన్‌క్రిప్షన్ ప్రమాణం పేరు) కీల జత చేయమంటే పేరు, ఈమెయిల్ అడుగుతుంది. పెద్ద పాస్‌ఫ్రేజ్ (పొడవాటి పాస్‌వర్డ్) పెట్టండి. పబ్లిక్ కీ ఎవరికైనా ఇవ్వొచ్చు, దాంతో వాళ్లు మీకు పంపేదాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తారు. సీక్రెట్ కీతోనే అది తెరుచుకుంటుంది, కాబట్టి అది మీ దగ్గరే ఉండాలి. పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ తీసుకోండి. ఇక్కడిదాకా పెద్దగా ఎవరూ తప్పు చేయరు.

అవతలివాళ్ల కీ తెచ్చుకునే దగ్గరే చెడగొడతారు. కీ సర్వర్‌లో (అందరి పబ్లిక్ కీలూ ఉంచే చోట) వెతకడం, తెలిసిన పేరు కనపడగానే ఇంపోర్ట్ కొట్టడం, ఫైల్ పంపేయడం! కీ మీది పేరు, ఈమెయిల్ ఎవరైనా టైప్ చేయగలిగినవే. మీ పేరుతో ఒక కీ నేనిప్పుడే తయారుచేయగలను. కొన్ని సర్వర్లు ఈమెయిల్‌ను ధ్రువీకరిస్తాయి కానీ, ఆ మెయిల్‌బాక్స్‌లోకి ఎవరో వెళ్లగలరని తప్ప దానివల్ల ఇంకేమీ తేలదు.

ఫింగర్‌ప్రింట్‌లో (కీని గుర్తుపట్టే పొడవాటి అక్షరాల వరుసలో) చివరి 8 అక్షరాల కీ ఐడీ చూసి సరిపెట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలు చూసి మనిషిని నమ్మినట్టే ఇది. మామూలు గ్రాఫిక్స్ కార్డుతో సెకన్లలో అదే ఐడీ వచ్చే కీ చేయొచ్చని 2014లోనే చూపించారు. 2016లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పేరుతో, ఆయన కీ ఐడీతోనే నకిలీ కీ సర్వర్లలో బయటపడింది.

నమ్మాల్సింది మొత్తం ఫింగర్‌ప్రింట్‌నే. కీ మీద డబుల్ క్లిక్ చేస్తే కనిపిస్తుంది: ఇప్పుడు ఎక్కువగా వాడే కీలలో 40 అక్షరాలు, నాలుగేసి చొప్పున పది గుంపులు. 2024లో వచ్చిన కొత్త ఓపెన్‌పీజీపీ ప్రమాణంలో 64 అక్షరాలు.

ఇక ఆ కీ ఎవరిదో వాళ్లకు ఫోన్ చేయండి. నంబరు మీ దగ్గర ముందునుంచీ ఉన్నదై ఉండాలి, కీ వచ్చిన మెయిల్ కింద రాసింది కాదు. కీ పంపిన మెయిల్‌లోనే ఫింగర్‌ప్రింట్ కూడా పంపితే దానికి విలువ లేదు, కీ మార్చినవాడు దాన్నీ మారుస్తాడు.

ఫింగర్‌ప్రింట్ చదవాల్సింది వాళ్లు, వాళ్ల కంప్యూటర్‌లో వాళ్ల కీ తెరిచి. మీరు చదివి “ఇదేనా?” అని అడిగితే సగంమంది వినకుండానే “ఆఁ, అదే” అంటారు. మొదటి గుంపూ చివరి గుంపూ చూసి వదిలేయడం కూడా కుదరదు, పదీ చదివించాలి. ఫోన్‌లో బి, డి, ఈ ఒక్కలాగే వినిపిస్తాయి. ఎ అన్నారో ఎయిట్ అన్నారో తేలదు. “బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ” అనిపించండి, నవ్వినా సరే. గుంపు గుంపుకీ పెన్సిల్‌తో టిక్ పెట్టండి. స్క్రీన్‌షాట్లు నేను ఒప్పుకోను, గొంతు వినాల్సిందే. ఫోన్‌లో చెప్పడానికి టెన్షన్ పడక్కర్లేదు, ఫింగర్‌ప్రింట్ రహస్యమేమీ కాదు.

ఒక్క అక్షరం తేడా వస్తే “తప్పు చదివుంటారులే” అనుకోవద్దు. ఆ గుంపు మళ్లీ చదివించండి. అప్పటికీ కలవకపోతే ఆ కీ తీసేయండి.

అంతా కలిస్తే, ఆ కీ వాళ్లదేనని మీ వైపు నుంచి ధ్రువీకరించే సర్టిఫై నొక్కి మీ పాస్‌ఫ్రేజ్ ఇవ్వండి. ఈ ధ్రువీకరణను సర్వర్‌కు ఎక్కించే టిక్ ఉంటే తీసేయండి, మీకెవరు తెలుసో ఊరందరికీ ఎందుకు? వాళ్లు గడువు పొడిగించినా, ఇంకో ఈమెయిల్ చేర్చినా ఫింగర్‌ప్రింట్ మారదు. కొత్త కీ చేసుకుంటే మాత్రం మళ్లీ ఫోన్ చేయాల్సిందే.